గీతతో కథ చెప్పిన ఫ్లాక్స్‌మన్

జాన్ ఫ్లాక్స్‌మన్ 1755 జూలై 6న ఇంగ్లండులోని యార్క్ నగరంలో జన్మించారు. తండ్రి ప్లాస్టర్ బొమ్మలు పోతపోసి అమ్మేవారు. కొద్ది నెలలకే ఆ కుటుంబం లండన్ చేరింది. చిన్ననాటి నుండి ఆయనకు ఆరోగ్యం బాగుండేది కాదు. తోటి పిల్లలు ఆడుకుంటుంటే ఆయన దుకాణంలో బల్ల వెనుక కూర్చుని, చుట్టూ ఉన్న బొమ్మలను చూసి గీసేవారు. లాటిన్, గ్రీకు భాషలు కూడా చాలావరకు సొంతంగానే నేర్చుకున్నారు.

రాయల్ అకాడమీలో విద్యార్థిగా ఉండగా 1772లో బంగారు పతకం తనదే అనుకున్నారు. కానీ అది మరొకరికి దక్కింది. అయినా కుంగిపోలేదు. 1775 నుండి వెడ్జ్‌వుడ్ పింగాణీ కర్మాగారానికి నమూనాలు చేసి పొట్టపోసుకున్నారు. పాత గ్రీకు కుండల మీది బొమ్మల్లో గీత బలం ఆయనకు తెలిసింది ఆ పనిలోనే.

1787లో భార్య ఆన్‌తో కలిసి రోమ్ వెళ్ళారు. రెండేళ్ళు ఉందామని వెళ్ళి ఏడేళ్ళు ఉన్నారు. మన భావకవులకు స్ఫూర్తినిచ్చిన రొమాంటిక్ యుగం యూరప్‌లో మొదలవుతున్న రోజులవి. అక్కడే హోమర్ కథలైన ఇలియడ్, ఒడిస్సీలకు కలంతో, సిరాతో బొమ్మలు వేశారు. ఒక్కో బొమ్మకు ముట్టింది 15 షిల్లింగులే. పిరోలీ అనే నగిషీకారుడు వాటిని రాగిరేకులపై చెక్కగా 1793లో అచ్చయ్యాయి.

ఆ బొమ్మల్లో రంగుల్లేవు, నీడలు దాదాపు లేవు. ఉన్నది అంచు గీత, చుట్టూ తెల్లని ఖాళీ. ఒంటికన్ను రాక్షసుడికి ఒడిస్సియస్ ద్రాక్షసారా అందించే బొమ్మ చూడండి. రాక్షసుడు ఎంతటివాడో పక్కనున్న మనిషి కొలతతోనే తెలుస్తుంది. ఆ చిన్న మనిషి ఎంత ధైర్యవంతుడో కూడా అందులోనే తెలుస్తుంది. ఎవరిని ఎక్కడ, ఎంత దూరంలో నిలబెట్టాలి, ఏది వదిలేయాలి అన్నదే కూర్పు. నీడలు దిద్దితే తప్పు గీతను కప్పిపుచ్చవచ్చు. ఒంటి గీతకు ఆ చాటు లేదు. అందుకే అది కష్టం.

ఆ పుస్తకాలతో ఆయన పేరు యూరప్ అంతా పాకింది. ఫ్రాన్స్‌లో ఆంగ్ర్, స్పెయిన్‌లో గోయా వంటి మహా చిత్రకారులు ఆయన బొమ్మలను చూసి అభ్యాసం చేశారు. పతకం ఇవ్వని అకాడమీయే 1810లో ఆయనను తన తొలి శిల్పకళాచార్యునిగా నియమించింది. 1826 డిసెంబరు 7న ఆయన కన్నుమూశారు.

మిత్రులారా! రంగులు కొనలేమని బొమ్మలు మానుకున్నవారు మన హాస్టల్‌లోనూ ఉన్నారు. నోటుపుస్తకం చివరి పేజీ, ఒక పెన్ను చాలు. ఫ్లాక్స్‌మన్ చేతిలో ఉన్నవీ అంతే కదా!