పట్టాభిగారి చెఱసాల గవాక్షములు

బందరు పట్టణమున డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి పేరు వినని వారు అరుదు. బ్యాంకు స్థాపించిన వారని కొందఱు, కాంగ్రెసు చరిత్రకారులని కొందఱు, గాంధీమహాత్ముని అనుచరులని మఱికొందఱు వారిని తలచుచుందురు. వారు దినదినము తమకొఱకు వ్రాసికొన్న వ్రాతలను తలచువారు మాత్రము తక్కువ. ఆ వ్రాతల విలువ తెలియవలెనన్నచో, అంతకుముందు వారి జీవితము ఎంతటి హడావుడితో నిండియుండెనో తెలిసికొనవలెను.

వారు 1880 నవంబరు 24వ తేదీన గుండుగొలను గ్రామమున పేద కుటుంబములో జన్మించిరి. బాల్యముననే తండ్రి గతించుటచే చదువు కష్టముతో సాగినది. మదరాసు క్రిస్టియన్ కళాశాలలో పట్టము పొంది, పిదప వైద్యవిద్య పూర్తిచేసి, బందరున వైద్యవృత్తి నారంభించిరి. పేరును రాబడియు కలిగినవి. అయినను దాదాపు పదేండ్లకే ఆ వృత్తిని విడిచిపెట్టిరి.

రోగుల నాడి చూచుట మానిన ఆ చేయి ఒక్క దినమైనను ఊరకుండలేదు. దివిసీమకు చెందిన ముట్నూరి కృష్ణారావుగారు, కోపల్లె హనుమంతరావుగారు, పట్టాభిగారు కలసి బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. 1919లో పట్టాభిగారు 'జన్మభూమి' అను ఆంగ్ల వారపత్రికను ప్రారంభించి, 1930 వఱకు నడిపిరి. 1923 నవంబరులో లక్ష రూపాయల చెల్లించిన మూలధనముతో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. (ఆ బ్యాంకు 2020 ఏప్రిలు 1వ తేదీన యూనియన్ బ్యాంకులో విలీనమైనది.) 1925లో భీమా సంస్థ. ఇవిగాక సహకార సంఘములు, ఆంధ్రరాష్ట్రమునకై ప్రచారము, కాంగ్రెసు సభలు. 1930లో ఉప్పు సత్యాగ్రహము, దానివెంట కారాగారము. ఒక్క మనుష్యుని దినమున ఇన్ని పనులెట్లు పట్టినవో ఆశ్చర్యము కలుగును.

ఇంత పనికిని మూల్యము లేకపోలేదు. ఆ యేండ్లలో వారి కలము విశ్రమించలేదు గాని, వ్రాసినదంతయు పని కొఱకే వ్రాసినది. 1935లో కాంగ్రెసు స్వర్ణోత్సవ సందర్భమున వెలువడిన చరిత్రయే ఇందులకు నిదర్శనము. అది బృహద్గ్రంథము. తీర్మానములు, తేదీలు, సభలు, అధ్యక్షోపన్యాసములు అన్నియు అందు కలవు. ఆ గ్రంథము వ్రాసిన మనుష్యుడు మాత్రము అందు అరుదుగా కనబడును.

1939 జనవరిలో కాంగ్రెసు అధ్యక్షపదవికి సుభాస్ చంద్రబోసుగారితో పోటీపడి, రెండు వందలకు పైబడిన ఓట్ల తేడాతో పట్టాభిగారు ఓడిపోయిరి. ఆ ఓటమి పట్టాభిది కాదు, తనదే యని గాంధీమహాత్ముడు ప్రకటించెను. ఉదారమైన మాటయే; కాని ఓడినవానికి తన ఓటమియైనను తనకు మిగులలేదు! దేశమంతయు ఆ యెన్నికను ఇద్దఱు మహానాయకుల నడిమి వివాదముగానే చూచినది.

1942 ఆగస్టు 9వ తేదీ తెల్లవారుజామున బొంబాయిలో నాయకులను నిర్బంధించి అహమ్మదునగరు కోటకు తరలించిరి. నెహ్రూ, పటేలు, ఆజాదు మొదలగు పండ్రెండుగురు కార్యవర్గ సభ్యులలో పట్టాభిగారొకరు. అప్పటికి వారి వయస్సు అఱువది యొక్క సంవత్సరములు. తొలి వారములలో వార్తాపత్రికలు లేవు. బంధువుల దర్శనము లేదు. తామెచ్చట నున్నారో బయటివారికి తెలియుటయే దుర్లభము. నలుబదేండ్లుగా తీరికయనునది యెఱుగని వారికి ఒక్కసారిగా తీరిక తప్ప మఱేమియు మిగులలేదు. పని యొత్తిడికంటె ఈ శూన్యము భరించుట కష్టమని చెప్పవచ్చును.

ఆ కోటలో పలువురు కలమునే ఆశ్రయించిరి. నెహ్రూగారు 1944 ఏప్రిలు నుండి సెప్టెంబరు వఱకు 'భారత దర్శనము' వ్రాసిరి. ఆజాదుగారు అప్పుడు పంపుటకు వీలులేని లేఖలను మిత్రునికి వ్రాసికొనిరి. వారు కోటలో నుండగనే 1943 ఏప్రిలులో వారి భార్య కలకత్తాలో కన్నుమూసినది. దుఃఖము చెప్పుకొనుటకు కాగితము తప్ప వేఱు చెలికాడు లేని స్థితి యది.

పట్టాభిగారు మహాగ్రంథమునకు పూనుకొనలేదు. దినచర్యగా చిన్నచిన్న వ్రాతలు వ్రాసికొనుచు పోయిరి: చదివిన పుస్తకములలోని సంగతులు, తోటివారి సంభాషణలు, పిట్టకథలు, తమ స్మృతులు, వచ్చిన ఆలోచనలు. తీర్మానమునకు పనికివచ్చునా, ఉపన్యాసమునకు పనికివచ్చునా యను లెక్క ఇచ్చట లేదు. ఒక పుటలో గంభీరమైన విచారణ, దాని ప్రక్కనే నవ్వు పుట్టించు ముచ్చట. పండ్రెండవ శతాబ్దమున కల్యాణపు శరణులును తమ తమ వృత్తులలో నుండియే, తమ యనుభవమును తమ యంకితముతో వచనములుగా పలికిరి. వారి మార్గము వేఱు, పట్టాభిగారి మార్గము వేఱు. అయినను దినముయొక్క అనుభవమును దినమే మాటలలో నిలుపుకొనుట రెంటను కలదు.

1945లో ఆ కోటలోని చెఱవాసము ముగిసినది. మఱుసటి యేడు ఆ వ్రాతలు బొంబాయిలో ఆంగ్ల గ్రంథముగా అచ్చయినవి. దానికి 'ఫెదర్స్ అండ్ స్టోన్స్', అనగా ఈకలును రాళ్లును, అని పేరు పెట్టిరి. నా పఠనమందిర గవాక్షములు అని ఉపశీర్షిక. కోటగోడల నడుమ కూర్చుండి వ్రాసినదానికి గవాక్షములని పేరుంచుట గమనింపదగినది. బరువైనదేదో తేలికైనదేదో వేఱుచేయుటకు నలుబదేండ్ల ప్రజాజీవితములో దొరకని వ్యవధి వారికి ఆ గోడల నడుమ దొరకినది. ఆ చరిత్ర గ్రంథములో కనబడని మనుష్యుడు ఈ పుటలలో నవ్వుచు, తర్కించుచు, జ్ఞాపకము చేసికొనుచు కనబడును.

విడుదలైన పిదప హడావుడి మరల చుట్టుముట్టెను. కాంగ్రెసు చరిత్ర రెండవ సంపుటము వెలువడినది. 1948లో, తొమ్మిదేండ్ల క్రిందట అందని అధ్యక్షపదవి లభించినది. చిరకాలము ఆంధ్రరాష్ట్రమునకై వాదించిన ఆయన, నెహ్రూ పటేలులతోపాటు సంఘసభ్యుడై, భాషారాష్ట్రముల విషయమున తొందర కూడదను 1949 నాటి నివేదికపై చేవ్రాలు చేయవలసివచ్చెను. ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన ఏర్పడినప్పుడు వారు మధ్యప్రదేశపు గవర్నరుగా నాగపూరున ఉండిరి. 1957 వఱకు ఆ పదవిలో నుండి, 1959 డిసెంబరు 17వ తేదీన హైదరాబాదులో కన్నుమూసిరి.