శ్రీ జె. సి. కుమారప్ప – చిన్న పనిశాల, పెద్ద లెక్క

1950లో జాతీయ లోహపరిశోధనశాల వెలసిన బర్మామైన్సున నివసించువారికి ముడిఖనిజము విలువ వేరుగ చెప్పనక్కరలేదు. గని నుండి తీసినది మరల గనిలో మొలవదు. ఈ సత్యమును గ్రామమందలి పనిశాలకు సూత్రముగా చేసిన మహనీయులు శ్రీ జోసెఫ్ చెల్లదురై కుమారప్పగారు.

వీరు 1892 జనవరి 4వ తేదీన తంజావూరున జన్మించిరి. లండనులో ఆడిటరు విద్య నభ్యసించి, పిదప అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదివిరి. భారతీయుల దారిద్ర్యమునకు పరప్రభుత్వపు పన్నుల విధానము ఎట్లు కారణమైనదో అచ్చట గ్రహించిరి. 1929లో గాంధీమహాత్ముని కలిసికొని దేశసేవకు పూనిరి. 1934లో బీహారు భూకంప సహాయనిధి ఆర్థిక వ్యవహారములను చక్కబెట్టిరి.

ఆ యేడు డిసెంబరులో అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘ మేర్పడగా దానికి కార్యదర్శియైరి. వార్ధాలో జమ్నాలాల్ బజాజ్‌గారిచ్చిన తోట మగన్‌వాడీ యను పేర సంఘమునకు నిలయమయ్యెను. అచ్చట గానుగ తిరిగెను. చిత్తుకాగితము గుజ్జై క్రొత్త కాగితమయ్యెను. కిరసనాయిలుకు బదులు గింజలనూనెతో మగన్ దీపము వెలిగెను. రాజమహేంద్రవరమున రత్నంగారు చేసిన స్వదేశీ కలము 1935లో కుమారప్పగారి ద్వారానే గాంధీజీకి చేరెను.

1942 ఉద్యమమున చెరసాల కేగి, అచ్చట శాశ్వత ఆర్థికవ్యవస్థను గూర్చి గ్రంథము వ్రాసిరి. వారి విభజన తేటయైనది. బొగ్గు, ఇనుము గాదెలోని గింజల వంటివి, తీసినకొలది తరుగును. అడవి, పైరు ఏటినీటి వంటివి, అదను తప్పక వచ్చుచుండును. తరుగుదానిపై నిలిచిన బ్రతుకు కలహమునకు దారితీయునని వారి నమ్మకము.

ఈ లెక్క ననుసరించి పనిశాల కట్టదలచినవారికి మార్గము సుగమము. గోడకు తవ్విన మట్టియే చాలును. అడుగున రాతి అరుగు, పైన వెడల్పు చూరు ఉన్నచో వాన దానిని కరగింపదు. నీట నానవేసి ఆరబెట్టిన వెదురును పురుగు అంతగా తినదు. పాతయింటి ద్వారబంధములు, సున్నము గీకిన ఇటుకలు, పెంకులు మరల పనికివచ్చును. ఇరుసునకు, ఉలికి మాత్రమే ఇనుము. అదియు పాత తునుకైన మేలు.

కుమారప్పగారు చివరి యేండ్లు మధుర జిల్లా కల్లుపట్టి గాంధీనికేతనమున గడపిరి. 1960 జనవరి 30న, గాంధీజీ వర్ధంతి నాడే, కన్నుమూసిరి. వారు మిగిల్చిపోయినది ఆస్తి కాదు. రాబోవు తరముల వాటాను ముందుగనే తినివేయరాదను లెక్క.