విలియము టిండేలు: వాక్యమునకు అర్థము చెప్పు అధికారము

పరిశుద్ధ గ్రంథము దేవుని వాక్యమని నమ్ముటలో క్రైస్తవులందఱును ఏకాభిప్రాయము గలవారే. కాని ఆ వాక్యమునకు అర్థము చెప్పు అధికారము ఎవరిది అను ప్రశ్న వచ్చినప్పుడు వారు పలు శాఖలుగా చీలిపోవుదురు. అది సభాధ్యక్షులదా? పండితులదా? రాజుదా? లేక చదువ నేర్చిన ప్రతి విశ్వాసిదా? 16వ శతాబ్దమున ఇంగ్లండు దేశమును ఈ ప్రశ్న కలచివైచెను. దాని నిమిత్తము ప్రాణములర్పించిన విలియము టిండేలు చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుప నెంచితిమి.

టిండేలు 1494వ సంవత్సర ప్రాంతమున గ్లౌస్టరుషైరు మండలమున జన్మించెను. ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున చదివి 1512లో బి. ఏ., 1515లో ఎం. ఏ. పట్టములను పొందెను. అచ్చట వేదాంతశాస్త్రము చదువగోరువారికి సైతము అనేక సంవత్సరములు తర్కాది శాస్త్రములను బోధించి, అటుపిమ్మటనే పరిశుద్ధ గ్రంథమును చేతికిచ్చెడివారు. ఈ పద్ధతి ఆయనకు మిక్కిలి విచారము కలిగించెను. గ్రంథమును తెఱచుటకు ముందే దాని అర్థము ఇట్టిదని మనస్సున నాటబడినయెడల, చదువరి గ్రంథము చెప్పుదానిని వినజాలడని ఆయన అభిప్రాయము.

ఆ కాలమున దేవాలయములయందు లాటిను బైబిలే చదువబడుచుండెను. సామాన్యులకు ఆ భాష తెలియదు. 14వ శతాబ్దమున విక్లిఫు అనుచరులు బైబిలును ఇంగ్లీషున వ్రాసి వ్యాపింపజేయగా, సభాధికారులు కలవరపడిరి. ఆర్చిబిషప్పు అరండెలు 1407, 1409 సంవత్సరముల నడుమ చేయించిన శాసనములచే, బిషప్పుల అనుమతి లేక గ్రంథమును ఇంగ్లీషులోనికి తర్జుమా చేయుటయు, అట్టి తర్జుమాను చదువుటయు నిషేధింపబడెను. ఒక శతాబ్దము గడచెను. 1516లో ఎరాస్మసు అను మహాపండితుడు క్రొత్త నిబంధనయొక్క గ్రీకు మూలమును అచ్చొత్తించెను. నాటినుండి మూలమును చూచి తర్జుమా చేయుటకు మార్గము తెఱవబడెను.

చదువు ముగించిన కొంతకాలమునకు టిండేలు లిటిల్ సాడ్బరీ గ్రామమున ఒక జమీందారు బిడ్డలకు ఉపాధ్యాయుడుగా ఉండెను. ఆ ఇంట భోజనమునకు వచ్చు మతగురువులతో ఆయనకు తఱచు వాదము జరుగుచుండెను. పొలము దున్ను కుఱ్ఱవాడు సైతము ఆ గురువులకంటె ఎక్కువగా గ్రంథము నెఱుగునట్లు చేయుదునని ఆయన అచ్చట శపథము చేసెనని ఫాక్సు అను చరిత్రకారుడు వ్రాసియున్నాడు. 1523లో ఆయన లండనుకు పోయి, చట్టప్రకారము బిషప్పు టన్స్టలు అనుమతిని వేడెను. బిషప్పు అంగీకరింపలేదు. హంఫ్రీ మన్మతు అను వస్త్ర వర్తకుడు ఆదరించి ఇంటనుంచుకొనెను. 1524లో టిండేలు సముద్రము దాటి జర్మనీ దేశము చేరెను. మరల ఆయన స్వదేశమును చూడలేదు.

1525లో కొలోను పట్టణమున అచ్చుపని మొదలయ్యెను గాని, విరోధులు పసిగట్టి అధికారులకు తెలుపగా, టిండేలు అచ్చయిన కాగితములతో వర్మ్సు పట్టణమునకు పారిపోయెను. 1526లో అచ్చట క్రొత్త నిబంధన పూర్తిగా అచ్చయ్యెను. ఆ ప్రతులు బట్టల మూటలలో దాగి ఇంగ్లండు చేరెను. టన్స్టలు వానిని లండనులో సెంటుపాలు దేవాలయమునొద్ద తగులబెట్టించెను. పిమ్మట ఒక వర్తకునిద్వారా ప్రతులను కొనిపించి కాల్పించెననియు, ఆ సొమ్ముతోనే టిండేలు అప్పులు తీర్చి మఱల అచ్చువేసెననియు హాలు అను చరిత్రకారుడు వ్రాసెను. ఆ మొదటి ముద్రణ ప్రతులు ఇప్పుడు మూడుమాత్రమే మిగిలియున్నవి.

ఇంతటి ఆగ్రహమునకు కారణమేమి? ముఖ్యముగా నాలుగు మాటలు. గ్రీకున ఎక్లీసియా అను పదమునకు చర్చి అని వ్రాయక, కూడివచ్చిన జనసమూహము అను అర్థము గల మాటను టిండేలు వ్రాసెను. ప్రెస్బుటెరోస్ అను పదమునకు యాజకుడు అనక వయోవృద్ధుడనెను. మెటనోయియా అనగా సభవారు విధించు ప్రాయశ్చిత్తము కాదు, మనస్సు మారుట అనెను. అగాపే అను పదమునకు దానధర్మములను స్ఫురింపజేయు చారిటీ అను మాటను విడిచి ప్రేమ అని వ్రాసెను. మన తెలుగు బైబిలు చదువువారికి ఇందు వింత యేమియు తోపదు. సంఘము, పెద్దలు, మారుమనస్సు, ప్రేమ అను మాటలు మనకు చిన్ననాటినుండి పరిచితములు. ఐతే ఆనాటి ఇంగ్లండులో ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క అధికారము నిలిచియుండెను. యాజకుడు లేక ప్రాయశ్చిత్తము లేదు. ప్రాయశ్చిత్తము లేక పాపక్షమాపణ లేదు. మాట మారినచో ఆ కట్టడమంతయు కదలును.

ఈ సంగతి సర్ తామసు మోరు చక్కగా గ్రహించెను. ఆయన గొప్ప పండితుడు, న్యాయవేత్త. 1529లో టిండేలును ఖండించుచు ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. ఆయన వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. ఏ పుస్తకములు దేవుని వాక్యములో నిర్ణయించి మనకందించినది సభయే గదా. అట్టి సభను విడిచి ఆ పుస్తకముల అర్థము నెట్లు తెలిసికొందురు? ఎవరికి తోచిన అర్థము వారు చెప్పినయెడల వివాదమును తీర్చువారెవరు? ఇవి ఆయన ప్రశ్నలు. టిండేలు 1531లో ప్రత్యుత్తరమిచ్చెను. వాక్యము సభకు ముందే ఉన్నదనియు, వాక్యమువలననే సభ పుట్టెననియు, గూఢమైన చోటును స్పష్టమైన చోటుతోను, ముందు వెనుకల మాటలతోను పోల్చి చూచి తెలిసికొనవలెననియు ఆయన వాదించెను. ఇరువురును పరుష వాక్యములకు వెనుదీయలేదు. మోరు ఛాన్సలరు పదవియందున్న కాలమున కొందఱు మతద్రోహులని దహింపబడిరి కూడ.

ఐనను టిండేలు తనకు తానే పోపునని విఱ్ఱవీగలేదు. యాజకుడు అను మాటకు బదులు 1526లో ఆయన వాడిన ఇంగ్లీషు పదము సరియైనది కాదని మోరు ఆక్షేపింపగా, ఆయన దాని నంగీకరించి, 1534 ముద్రణమున పెద్ద అను అర్థము గల వేఱొక పదమును వేసెను. శత్రువు చెప్పినదైనను మూలమునకు సరిపడినచో గ్రహించెను. అదే యేట జార్జి జాయి అనునాతడు టిండేలు తర్జుమాలో పునరుత్థానము అను మాటను తన యిష్టానుసారము మార్చి, ఎవరు మార్చిరో తెలియకుండ అచ్చువేసెను. టిండేలు మిక్కిలి కోపించెను. ఎవరైనను మార్పదలచినచో తమ పేరు పెట్టి ప్రకటింపవలెనని ఆయన కోరెను. 1531లో రాజు పక్షమున వచ్చిన స్టీఫెను వానుతో, ఎవరు చేసిన తర్జుమాయైనను సరే, గ్రంథమును ప్రజలకిచ్చినచో తాను ఇక ఏమియు వ్రాయక రాజునకు లోబడుదునని చెప్పెను. రాజు ఒప్పుకొనలేదు.

1535 మేనెలలో ఆంట్వర్పు పట్టణమున హెన్రీ ఫిలిప్సు అనువాడు స్నేహము నటించి టిండేలును చక్రవర్తి అధికారులకు పట్టించెను. బ్రస్సెల్సు సమీపమున విల్వోర్డు కోటలో ఆయన సుమారు 16 మాసములు బంధింపబడెను. చలికాలమున అచ్చటినుండి వ్రాసిన లాటిను లేఖ నేటికిని ఉన్నది. వెచ్చని టోపీ, బట్టలు, రాత్రులందు ఒక దీపము, అన్నిటికంటె ముఖ్యముగా హెబ్రీ బైబిలు, వ్యాకరణము, నిఘంటువు కావలెనని అందు వేడుకొనెను. 1536 అక్టోబరులో ఆయనను ఉరిబిగించి, దేహమును దహించిరి. ఇంగ్లండు రాజు కన్నులు తెఱువుమని దేవుని ప్రార్థించుచు మరణించెనని ఫాక్సు వ్రాసెను. అంతకు ముందే, 1535 జూలై 6వ తేదీని, సభకు రాజు శిరస్సు కాజాలడన్న కారణమున తామసు మోరు శిరశ్ఛేదము పొందియుండెను. పరస్పర విరోధులగు ఈ యిరువురును తమ అంతరాత్మకు విరుద్ధముగా నడువనొల్లక మరణించిరి.

టిండేలు తర్జుమా ఎక్కువగా కలిసియున్న బైబిలు 1537లో రాజానుమతితో వెలువడెను. ప్రతి దేవాలయమున ఇంగ్లీషు బైబిలు ఉంచవలెనని 1538లో ఆజ్ఞయయ్యెను. కాని 1543లో చేసిన చట్టము పనివారలను, కర్షకులను, సామాన్య స్త్రీలను దానిని చదువకుండ నిషేధించెను. దున్ను కుఱ్ఱవానికి మరల తలుపు మూయబడెను. 1547లో ఆ చట్టము రద్దయ్యెను. 1611 నాటి రాజు జేమ్సు బైబిలునందలి క్రొత్త నిబంధనలో ఐదింట నాలుగు వంతులకు పైగా టిండేలు మాటలే అని పండితులు లెక్కించియున్నారు. ఐనను చర్చి అను పాత మాటనే ఉంచవలెనని ఆ తర్జుమాదారులకు రాజు నియమము విధించెను. ఆ ఒక్క మాటకు గల బలము అంతటిది.

రోమను కథోలిక సభ 1935లో మోరును పరిశుద్ధునిగా ప్రకటించెను. 1965లో, విశ్వాసులందఱికిని గ్రంథము సులభముగా లభింపవలెనని తన మహాసభయందు ప్రకటించెను. చదువు విషయమున టిండేలు కోరిక నెఱవేఱినది. అర్థమును తుదకు నిర్ణయించువారెవరు అను మోరు ప్రశ్న నేటికిని తీఱలేదు. దానిని తీర్చు సామర్థ్యము మాకు లేదు. కాని టిండేలు జీవితమునుండి ఒక్క సంగతిని మేము గ్రహించితిమి. అర్థము చెప్పువాడు మూలమును వినువాని చేతికీయవలెను. తన పేరు దాచుకొనరాదు. తప్పు చూపినవాడు విరోధియైనను దిద్దుకొనవలెను. ఈ మూడును లేని అధికారము ఎంత గొప్పదైనను, వినువాడు జాగరూకుడై యుండుట మేలు.