దయ్యాలు చెప్తే బ్యాంకు నడిపిండన్నరు

1902 జనవరిల ప్రాగ్ పట్నంల ఒక బ్యాంకు ఓనరును పోలీసులు పట్కపోయిండ్రు. అప్పుడు ప్రాగ్ ఆస్ట్రియా సామ్రాజ్యం కింద ఉండె. కాయితాల మీద మోసం కేసు. గని ఊర్లె జనం చెవులు కొరుక్కున్న ముచ్చట వేరే. ఈయన ఆత్మలను పిలుస్తడట, అవి చెప్పినట్టే పైసల యవ్వారం నడుపుతడట. రెండున్నర నెలలు జైల్ల పెట్టిండ్రు. రుజువు దొరకలేదు, వదిలిపెట్టిండ్రు. అప్పటికే బ్యాంకు మునిగిపోయింది. బ్యాంకంటే ఇనుప పెట్టె కాదు గద, జనం నమ్మకం. అది పోయినంక నిర్దోషి అని కోర్టు చెప్తే ఎవలు ఇనాలె?

గాయన పేరు గుస్తావ్ మైరింక్. పుట్టినప్పుడు మైయర్. 1868 జనవరి 19న వియన్నాల పుట్టిండు. తల్లి నాటకాల నటి. తండ్రి వ్యూర్టెంబెర్గ్ రాజ్యంల మంత్రి చేసిన పెద్దమనిషి. ఇద్దరికీ పెండ్లి కాలేదు. ఈ ముచ్చట ఆయనను బతికినన్ని రోజులు ఎంటాడింది. ప్రాగ్‌ల మిలిటరీ ఆఫీసర్లతోని తగాదా పడి, ఆ కాలం రివాజు ప్రకారం ద్వంద్వయుద్ధానికి పిలిస్తే, పెండ్లి కాని తల్లికి పుట్టినోనితోని తలపడుడు మా పరువుకు తక్కువ అని తప్పుకున్నరు.

1889ల, ఇర్వయొక్క ఏండ్లకే, కవి క్రిస్టియన్ మోర్గెన్‌స్టెర్న్ చుట్టంతోని కలిసి బ్యాంకు పెట్టిండు. పైసలున్నయి, సోకులున్నయి. అయినా లోపల ఏదో ఖాళీ. ఇర్వై మూడు, ఇర్వై నాలుగేండ్లప్పుడు పానం తీసుకుందామనే దాకా పోయిండట. ఆయనే తర్వాత రాసుకున్నడు: అదే గడియల తలుపు సందులకెల్లి ఎవలో ఒక చిన్న పుస్తకం లోపలికి తోసిండ్రు. అది సచ్చినంక ఏమైతది అనే దాని మీద రాసింది. చేతులున్నది పక్కకు పెట్టి ఆ పుస్తకం చదువుడు షురూ చేసిండు.

గక్కడికెల్లి ఎన్క చూడలేదు. 1891ల ప్రాగ్‌ల దివ్యజ్ఞాన సమాజం శాఖ ఒకటి నడిచేది, దాంట్ల చేరిండు. ఆ సమాజానికి ముఖ్య కార్యాలయం ఎక్కడో కాదు, మన పక్కనున్న మద్రాసు అడయారుల. యోగం పట్టిండు, మాంసం మానిండు, రాత్రిళ్లు నిద్ర తగ్గించి ధ్యానం చేసిండు. బంగారం తయారు చేద్దామని సుత చూసిండు. పాత రసవాద పుస్తకాలల్ల చెప్పిన అసలు సరుకు దొడ్డి గుంటలల్ల దొరుకుతదని నమ్మి, ప్రాగ్‌ల ఎన్నో ఏండ్ల కిందటి గుంట మట్టి తెచ్చి పొయ్యి మీద ఉడికిచ్చిండు. అది మొఖం మీదనే పేలింది. ఈ కథ ఆయనే నవ్వుకుంట రాసుకున్నడు.

నాకు ఈయనల నచ్చింది గిదే. నమ్మినోడు, గని గుడ్డిగ కాదు. ఆత్మలతోని మాట్లాడుతమనేటోళ్ల దగ్గరికి ఏండ్లకేండ్లు పోయిండు, పక్కన కూసుండి పరీక్ష పెట్టిండు. ఎక్కువ మంది దొంగలే అని తేల్చుకున్నడు. ఆ మాట బయటికి చెప్పేందుకు ఎన్కకు పోలేదు. దయ్యాల పేరు మీద మోసం చేసేటోళ్లను పట్టుకున్న మనిషినే, దయ్యాల పేరు మీద మోసం చేసిండని లోపలేసిండ్రు.

ఆ కాలంలనే వెన్నుపూస జబ్బు పడి నడుసుడే కష్టమైంది. యోగంతోనే నయమైందని ఆయన నమ్మకం. 1901ల మ్యూనిక్ నుంచి వచ్చే ‘సింప్లిసిసిముస్’ అనే ఎక్కిరింపుల పత్రికల మొదటి కథ అచ్చయింది. జైలు తర్వాత కలమే కూడు పెట్టింది. మిలిటరోళ్లను, డాక్టర్లను, బలిసిన పెద్దమనుషులను ఎవ్వలినీ వదల్లేదు. ఇల్లు గడవనీకి ఇంగ్లీషు రచయిత డికెన్స్ నవలలు జర్మన్‌లకు తర్జుమా చేసిండు, ఒకటి రెండు కాదు, సంపుటాలకు సంపుటాలు. 1905ల ఫిలొమీనా బెర్ంట్‌ను పెండ్లి చేసుకున్నడు, తర్వాత బవేరియాల ష్టార్న్‌బెర్గ్ చెరువు ఒడ్డున సంసారం పెట్టిండు.

పేరు తెచ్చింది ‘గోలెం’ నవల. ముందు పత్రికల వచ్చి, 1915ల పుస్తకమైంది. గోలెం అంటే ప్రాగ్ యూదుల పాత కథల మట్టి బొమ్మ, రబ్బీ లోవ్ మంత్రంతోని పానం పోసిండని చెప్పుకుంటరు. మైరింక్ పుస్తకంల అది ముప్పై మూడేండ్లకు ఒకపారి గల్లీలల్ల కనబడుతది. ఇంకో మాట, 1920ల వచ్చిన గోలెం సినిమా ఈ నవలకెల్లి తీసింది కాదు, అది పాత కథ. చానమంది కలిపేసుకుంటరు.

నవలల ఉన్నది దయ్యం ఒక్కటే కాదు. కథ నడిపే పెర్నాత్ నగలల్ల రాళ్లు చెక్కేటోడు. చెయ్యని ఖూనీ కేసుల ఆయనను జైల్ల ఏస్తరు. నెలలకు నెలలు ఎవలూ పట్టించుకోరు. బయటికి వచ్చి చూస్తే తనుండే గల్లీలు కూలగొడుతుంటరు, తెలిసినోళ్లు ఎవ్వరూ దొరకరు. ప్రాగ్ యూదుల వాడను సర్కారు నిజంగనే 1890ల నుంచి కూలగొట్టింది. ఇక జైలు సంగతి మైరింక్‌కు ఒకలు చెప్పాల్నా?

పుస్తకం రెండు లక్షల కాపీల మీద అమ్ముడుపోయింది, యుద్ధంల ఉన్న సిపాయిలు సుత చదివిండ్రు. గని ఈయన రాయల్టీ వద్దని ముందే ఒక్కమొత్తం తీసుకున్నడు. పాత బ్యాంకరు, లెక్క తప్పిండు!

పేరు పెరిగితే పగ గూడ పెరిగింది. 1917ల జర్మన్ జాతీయవాదులు పత్రికలల్ల మీద పడ్డరు, మిలిటరీని ఎక్కిరిస్తున్నడు కాబట్టి యూదుడే అయి ఉంటడన్నరు. ఆయన యూదుడు కాదు. మల్లా అదే కథ, రుజువు అక్కెర లేని మాట.

తర్వాత నవలలు రాసిండు, 1927ల బౌద్ధం తీసుకున్నడు. 1932ల కొడుకు హారోకు మంచుల స్కీయింగ్ చేస్తుంటే పడి వెన్ను విరిగింది. ఇర్వై నాలుగేండ్ల పిల్లగాడు, ఆ ఎండకాలం తానే పానం తీసుకున్నడు. తండ్రి అదే వయసుల అదే అంచు దాకా పోయి వచ్చినోడు. కొడుకు తలుపు సందుల ఎవలూ పుస్తకం తోయలేదు.

అదే ఏడు డిసెంబర్ 4న మైరింక్ సచ్చిపోయిండు. ష్టార్న్‌బెర్గ్ స్మశానంల కొడుకు పక్కనే పండవెట్టిండ్రు.