ఆకలి తీర్చిన పూటకూళ్లయిల్లు

1888వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన మోహనదాసు గాంధి బొంబాయిలో ఓడ యెక్కునప్పటికి ఆతనికి పందొమ్మిదేండ్లు నిండలేదు. న్యాయశాస్త్రము చదువుటకై లండనునకు బోవుచున్న ఆ యువకుడు మద్యమును, మాంసమును, పరస్త్రీని ముట్టనని బేచర్జీ స్వామి యెదుట తల్లి పుత్లీబాయికి మాట యిచ్చియుండెను.

మాంసము తినక ఆ దేశమున బ్రతుకుట కష్టమని మిత్రుడొకడు దినదినము బోధించెను. బెంథాము గ్రంథమును సైతము చదివి వినిపించెను. మోహనదాసు వాదింపలేదు. వ్రతభంగము చేయజాలనని మాత్రము చెప్పెను. రిచ్మండులో ఆ మిత్రునితో బసచేసిన యింట ఉదయము ఓట్స్ జావతో కడుపు నిండెడిది. తక్కిన పూటలకు రొట్టె, పాలకూర, పండ్లపాకము. రెండు మూడు రొట్టెముక్కలు తిని, ఇంకొకటి యడుగుటకు సిగ్గుపడెడివాడు.

ఇందొక చిక్కు గలదు. చిన్ననాడు రాజకోటలో ఆతడు స్నేహితునితో గూడి రహస్యముగ మాంసము తినియుండెను. ఆంగ్లేయుల బలమునకు అదియే కారణమనియు, భారతీయులెల్లరు ఎప్పటికైన తినవలసినదే యనియు నమ్మియుండెను. అనగా లండనులో ఆతడు అర్ధాకలితో నుండినది తన నమ్మకముకొరకు గాదు, తల్లి కిచ్చిన మాటకొరకు.

నగరమున శాకాహార భోజనశాలలు గలవని ఇంటి యజమానురాలు చెప్పగా, వానిని వెదకుచు దినమునకు పది పన్నెండు మైళ్లు నడచెను. నడుమ నేదో చౌకపూటకూళ్లయింట రొట్టె తినెడివాడు. తృప్తి యుండెడిది కాదు. ఒకనాడు ఫారింగ్డను వీథిలో అట్టి భోజనశాల కంటబడెను. వాకిటికడ అద్దముక్రింద పుస్తకములు అమ్మకమునకు పెట్టియుండెను. హెన్రీ సాల్టు రచించిన శాకాహారవాద గ్రంథమును ఒక షిల్లింగునకు గొని, లోనికేగి భోజనమునకు గూర్చుండెను. ఇంగ్లండులో అడుగిడినపిమ్మట కడుపార తిన్న మొదటి భోజన మదియే.

సాల్టు ఈటను పాఠశాలలో ఉపాధ్యాయుడుగ నుండి 1884లో ఆ పని విడిచినవాడు. 1886లో వెలువడిన ఆ చిన్న పుస్తకమును మోహనదాసు ఆసాంతము చదివెను. అంతవరకు మాటకు గట్టుబడి విడిచినదానిని అటుపై ఇష్టపడి విడిచెను.

సిగ్గు మాత్రము పోలేదు. బేస్‌వాటరులో శాకాహార సంఘమొకటి స్థాపించి, సర్ ఎడ్విన్ ఆర్నాల్డును ఉపాధ్యక్షుడుగ నుండుమని కోరి, తాను కార్యదర్శి యయ్యెను. లండను శాకాహార సంఘపు కార్యవర్గమునను చేరెను. కాని అచ్చట తన యభిప్రాయమును కాగితముపై వ్రాసికొనిపోయి, చదువలేక ఇంకొకరిచే చదివించెను! 1891 జూన్ 12న స్వదేశమునకు బయలుదేరెను.

నలువదేండ్ల తరువాత, 1931 నవంబరు 20న, రౌండు టేబిలు సమావేశమునకై వచ్చిన గాంధీజీ లండను శాకాహారుల సభలో ప్రసంగించెను. ఆనాడు ఆయన కుడిప్రక్కన కూర్చున్న ఎనుబదేండ్ల వృద్ధుడు హెన్రీ సాల్టు.