ప్రభువుల నవ్వు, ప్రజల నవ్వు

ప్రభుత్వముల యసమర్థతను, పత్రికల ప్రమాదములను హాస్యముగా జూపు నాటకములు నేడు టెలివిజనులో ననేక దేశములందు బ్రదర్శింపబడుచున్నవి. వానిని జూచి మంత్రులే నవ్వుచుండుట స్వాతంత్ర్యమునకు గురుతని పలువురు తలంచుచున్నారు. ఈ తలంపెంతవరకు సరియైనదో తెలియుటకు రుష్యా రచయితయగు నికొలాయ్ గొగోలు జీవితము తోడ్పడునని మా యభిప్రాయము.

గొగోలు 1809వ సంవత్సరమున ఉక్రెయినులోని పొల్తావా మండలమున నొక చిన్న భూస్వామి కుటుంబమునందు జన్మించెను. 1828లో రాజధానియగు సెంట్ పీటర్సుబర్గు చేరి, కొంతకాలము ప్రభుత్వపు కచేరీలో గుమాస్తాగా నుండెను. పైవానికి వంగి నమస్కరించుచు, క్రిందివానిపై గర్జించుచు గాలము గడపు నుద్యోగివర్గము నతడు చేరువనుండి చూచినది యచ్చటనే.

ఆ యనుభవము "ఇన్‌స్పెక్టరు" నాటకమున ఫలించెను. మాఱుమూల పట్టణమొకదానికి రాజధానినుండి తనిఖీదారు రహస్యముగా వచ్చుచున్నాడని వార్త పుట్టును. లంచగొండియగు పట్టణాధికారి, వేటకుక్కపిల్లలను గైకొనుట లంచము గాదను న్యాయాధిపతి, పరుల యుత్తరములను విప్పి చదువు తపాలా యధికారి, అందఱును గడగడ వణకుదురు. సత్రమున బాకీ తీర్పలేక పడియున్న యొక యల్పోద్యోగిని జూచి, వాడే తనిఖీదారని భ్రమసి, అప్పుల పేరిట సొమ్ము ముట్టజెప్పుదురు. పట్టణాధికారి తన కూతునే యిచ్చుటకు సిద్ధపడును. ఆ మూర్ఖుడు వారిని మోసగింపదలచి వచ్చినవాడు గాడు. వారి పాపభీతియే వానిని దొరను జేసినది. వాడు తరలిపోయిన పిదప నిజము తెలియును. అంతలో నసలు తనిఖీదారు వచ్చెనను కబురుతో నాటకము ముగియును.

ఈ నాటకము నికొలాయ్ చక్రవర్తి యనుమతివలననే రంగమెక్కినది. 1836 మే 1వ తేదీన జరిగిన తొలి ప్రదర్శనమునకు జక్రవర్తి స్వయముగా విచ్చేసి, కడుపార నవ్వెను. ఉద్యోగులు మాత్రము మండిపడిరి. బుల్గారిన్ అను పత్రికాధిపతి యది రుష్యా పట్టణమే కాదని వాదించెను. ఏలిక నవ్వెను గాని లంచములు నిలువలేదు, కచేరీలు మాఱలేదు. మనసు నొచ్చిన గొగోలు నెలదినములు దాటగనే విదేశములకు వెడలిపోయెను.

1842లో వెలువడిన "మృతజీవులు" అను నవలలో, చచ్చియు సర్కారు లెక్కలలో బ్రతికియున్న బానిసరైతులను గొని, వారిని తాకట్టుపెట్టి ధనికుడు కాదలచిన వంచకుని కథ జెప్పెను. కాని తన నవ్వునకు దానే భయపడెనో యనునట్లు, 1847లో బ్రకటించిన గ్రంథమున నేలికకును భూస్వామికిని అణగియుండుటయే ధర్మమని బోధించెను. విమర్శకుడగు బెలిన్‌స్కీ యతనిని తీవ్రముగా నిందించుచు లేఖ వ్రాసెను. ఆ లేఖను బదిమందిలో జదివెననునది ముఖ్యనేరముగా 1849లో దొస్తయేవ్‌స్కీకి మరణశిక్ష విధించి, చంపు చోట నిలిపిన పిదప సైబీరియాకు బంపిరి. గొగోలు తన నవల రెండవ భాగమును అగ్నికాహుతి చేసి, 1852 మార్చి 4వ తేదీన మాస్కోలో మరణించెను.

కథ యంతటితో ముగియలేదు. గొగోలును గొనియాడుచు తుర్గేనెవ్ వ్రాసిన సంతాపవ్యాసమును పీటర్సుబర్గు పరిశీలకులు నిషేధింపగా, అది మాస్కో పత్రికయందు బ్రకటితమయ్యెను. అందులకై యతనిని నెలదినములు చెఱనుంచి, పిమ్మట స్వగ్రామమున నిర్బంధించిరి. నాటకము జూచి నవ్విన చక్రవర్తియే యీ శిక్షకును గర్త!

ప్రభువు దయచే లభించిన నవ్వు ప్రభువు కోపముచే నణగిపోవును. కావున హాస్యమునకు నవ్వు మంత్రిని జూచి మనము మురిసిపోరాదు. అదే దోషమును మఱునాడు పత్రిక సూటిగా బ్రకటించినప్పు డతడేమి చేయునో చూడవలెను. స్వాతంత్ర్యమునకు నిజమైన తనిఖీ యదియే.