బడి తెరిచిన తల్లి – జ్ఞానమ్మ గారు

చిన్ననాటి పంతులమ్మ అనగానే మన విచారణలలో ఎందరికో ఒక మఠకన్య గుర్తుకు వస్తారు. తెలుగునాట ఆ మఠకన్యలకు బాట వేసిన తల్లులలో ఒకరు జ్ఞానమ్మ గారు.

ఆమె 1822లో గుంటూరు ప్రాంతంలోని ఫిరంగిపురంలో జన్మించారు. ఉపాధ్యాయుడైన గాలి ఇన్నయ్య గారిని వివాహమాడి, మద్రాసు దగ్గరి కీలచేరికి కాపురానికి వెళ్ళారు. ఐదుగురు కుమారులకు తల్లి అయ్యారు. భర్త మరణించారు. విధవరాలు ఇంటి మూలన కూర్చోవాలనీ, ఆడపిల్లకు చదువు అక్కరలేదనీ లోకం నమ్మే రోజులవి. జ్ఞానమ్మ గారు ఆ రెండు కట్టుబాట్లనూ ఒక్క పనితో దాటారు. 1863లో కీలచేరిలో బాలికలకు బడి తెరిచారు.

1874 డిసెంబరు 21న ఆమె ప్రభువు సన్నిధికి చేరారు. ఆమె మొదలుపెట్టిన పని ఆగలేదు. మద్రాసు, ఫిరంగిపురం పునీత అన్నమ్మ సభలు రెండూ ఆమెను తమ స్థాపకురాలిగా తలచుకుంటాయి. ఆ సభల కన్యలు నేటికీ పిల్లలకు చదువు చెబుతున్నారు. 2014 నుండి శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా స్మరిస్తున్నది.

తల్లిదండ్రులారా! మన బీర్కూరులో గానీ మరే పల్లెలో గానీ, పదో తరగతి కాగానే అమ్మాయి చదువు మాన్పిద్దామన్న ఆలోచన మీకు వస్తే, ఒక్కసారి జ్ఞానమ్మ గారిని తలచుకోండి.